యూనిట్‌కు పది రూపాయలు

మచిలీపట్నం,
9 నవంబరు 2025

గోవర్ధనానికి,

నువ్వు క్షేమమే అయి ఉంటావు. నెలనెలా పెన్షను పడేవాళ్ళు క్షేమంగానే ఉంటారు. నాకూ పడుతుంది కానీ నీలా క్షేమంగా ఉండటం నాకు చేతకాదు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. ఫోన్లో నీ మాట నాకు వినపడదు. నా మాట నీకు వినపడినా నువ్వు వినవు. కాగితం మీదైతే ఒకరినొకరు పూర్తి చెయ్యనిస్తాం.

సంగతేమిటంటే, కరెంటు ఛార్జీల మీద జనవరిలో నియంత్రణ మండలి వారు బహిరంగ విచారణ జరుపుతున్నారు. వాడకందారులు ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు. ఇక్కడి కరెంటాఫీసులో కూర్చుని వీడియోలో మాట్లాడనూ వచ్చు. నేను మాట్లాడతాను. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇంకెప్పుడు మాట్లాడతాను?

ఎండ కాసినంత సేపూ టోకు బజారులో కరెంటు చవగ్గా దొరుకుతోందని పేపర్లు రాస్తున్నాయి. కంపెనీ కొనే ధర పెరిగితే ఆ పెరుగుదల సర్దుబాటు అనే పేరు పెట్టుకుని మన బిల్లులోకి పరుగెత్తుకొస్తుంది. ధర తగ్గితే ఆ తగ్గుదల ఏ ఊళ్ళో బస దిగుతోంది? పెంచడం రూపాయల్లో, తగ్గించడం పైసల్లో. ఆ పైసలకు అర పేజీ ప్రకటన.

ముప్పై ఏళ్ళు ఈ ఊరి కాలేజీలో చరిత్ర చెప్పాను. ఇక్కడ గుడ్డ కొని ఓడలకెక్కించిన కంపెనీల నాటి నుంచీ వరస ఇదే. సముద్రం అవతల ధర పడితే ఆ దెబ్బ నేరుగా మగ్గం దాకా వచ్చేది. ధర లేస్తే ఆ లేవడం దళారీ గుమ్మం దాటేది కాదు. ఇప్పుడు ఆ ఓడలు లేవు, దళారీ ఉన్నాడు. అతనికి ఒక ఎకౌంట్సు సెక్షను, ఒక బల్ల, ఒక ఫ్యాను ఇచ్చారు. ఆ ఫ్యాను కింద నువ్వు ముప్పై నాలుగేళ్ళు కూర్చున్నావు.

1998లో మా ఇంటికి రెట్టింపు బిల్లు వేసి పదకొండు నెలలు నన్ను తిప్పారు. కౌంటరు అవతల నువ్వు. “రూలు అంతేనండీ బావగారూ” అన్నావు. ఆ సాయంత్రమే మీ అక్క నీకు కాఫీ ఇస్తుంటే నేను పక్క గదిలో కూర్చుని కప్పు చప్పుడు విన్నాను. మర్చిపోయాననుకోకు.

అభ్యంతరం చిత్తు ప్రతి నాలుగు పేజీలు జత చేశాను. అంకెలు సరిచూడు. అభిప్రాయాల జోలికి పోకు.

మూడో పేజీ నాకు బాగా కుదిరింది. మా కిందివాటాలో తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్న పోలమ్మ నీకు తెలుసు కదా, గిలకలదిండి హార్బరులో చేపలు కొని వీధుల్లో అమ్ముకునే మనిషి. సరుకు చెడకుండా రెండు డీప్ ఫ్రీజర్లు పెట్టుకుంది. ఇంటికంతా ఒకటే సర్వీసు కాబట్టి ఆమె వాటాకు సబ్ మీటరుంది. ప్రతి నెలా ఒకటో తారీకున ఇద్దరం మెట్ల కింద నిలబడతాం. నేను రీడింగు చూసి గోడ మీద సుద్దతో అంకె వేస్తాను. ఆమె దాని పక్కన ఒక గీత పెడుతుంది, ఒప్పుకున్నట్టు. ఆ విధవరాలు యూనిట్‌కు పది రూపాయలు చెల్లిస్తోంది. పది! కంపెనీ కొన్న ధర పక్కన ఈ పది నిలబెట్టాను. చదివినవాళ్ళ కళ్ళు చెమర్చకపోతే వాళ్ళకు కళ్ళు లేనట్టే.

చెల్లెమ్మ సత్యవతికి ఆశీస్సులు. ఆవిడ పంపిన ఉసిరికాయ పచ్చడి బాగుంది. నువ్వు జాడీ బస్టాండు దాకా మోసి పంపినంత మాత్రాన అందులో నీ గొప్ప ఏమీ లేదు.

శోభనాద్రి

*

గుడివాడ,
15 నవంబరు 2025

పూజ్యులు బావగారికి గోవర్ధనరావు నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు అంకెల కోసం, ఒకసారి తిట్ల కోసం. సత్యవతి పచ్చడి మాట వరకు చదివి మిగతాది నాకు ఇచ్చేసింది.

ఇక్కడ ముసురు పట్టింది. మోకాలు వాతావరణ శాఖ కన్నా ముందే చెబుతోంది. రైలు గేటు పడి అరగంట నిలబడితే, కూరగాయలు కొని తెచ్చేసరికి అవి కడిగినట్టే ఉంటున్నాయి.

మీ కాగితంలో కొన్న ధర పక్కన అమ్మిన ధర పెట్టారు. మధ్యలో తీగలున్నాయి, స్తంభాలున్నాయి, మనుషుల జీతాలున్నాయి, దారిలో పోయే కరెంటుంది. పైగా మధ్యాహ్నం ధర రాత్రి ఏడింటికి ఉండదు, మనం లైట్లు వేసుకునేది ఏడింటికి. ఇవన్నీ కలిపి పెన్సిలుతో దిద్దాను. దిద్దినా మీ ప్రశ్న మిగిలే ఉంది. పెరిగింది వచ్చినంత వేగంగా తగ్గింది ఎందుకు రాదు? సర్వీసులో ఉండగా నేను అడగాల్సిన ప్రశ్న అది. అడగలేదు.

1998 సంగతి. తప్పు మాదే. రీడింగు రాసినతను ఒక అంకె తారుమారు చేశాడు. నాకు రెండో నెలలోనే తెలిసింది. పై ఆయన సంతకం పెట్టనన్నాడు, నేను గట్టిగా అడగలేదు. ఈ మాట రాయడానికి ఇరవై ఏడేళ్ళు పట్టింది, క్షమించండి.

ఒక మనవి. మూడో పేజీ తీసేస్తే బాగుంటుంది. కారణం నేను చెప్పడం కన్నా మీరే చూసుకుంటే మంచిదని రాయడం లేదు. ఆ పది రూపాయలు మీ బిల్లులో ఏ వరసలో ఉన్నాయో ఒక్కసారి చూడండి.

విధేయుడు
గోవర్ధనరావు

*

మచిలీపట్నం,
22 నవంబరు 2025

గోవర్ధనానికి,

పెన్సిలు దిద్దుబాట్లు అందాయి. బాగున్నాయి. ఒప్పుకుంటాను.

1998 గురించి నువ్వు రాసింది కూడా చదివాను. నా దగ్గర ఆ కేసు ఫైలు ఇంకా ఉంది. నువ్వు తప్పు ఒప్పుకున్నాక దానితో ఏం చెయ్యాలో తెలియడం లేదు. అట్టపెట్టె మాత్రం గట్టిది, పారెయ్యను.

కానీ మూడో పేజీ తీసెయ్యమంటావా? మొదటి రెండు పేజీల్లో ఉన్నవి అంకెలు. మూడో పేజీలో మనిషి ఉంది. కంపెనీకి తగిలేది అక్కడే, కాబట్టి నీకూ తగిలింది. రిటైరై పన్నెండేళ్ళయినా ఆ ఆఫీసు నీలోంచి రిటైర్ కాలేదు. బిల్లులో వరస చూడమంటావు. వరసలు చూపించి మనుషుల్ని మాయం చెయ్యడమే కదా మీ విద్య.

అసలు ఆ పేజీ పోలమ్మకే చదివి వినిపించాను. ఆమె గురించి రాసింది ఆమెకు తెలియాలి కదా. గంప దించి మెట్ల మీద కూర్చుని శ్రద్ధగా విన్నది.

“బాగా రాశారండీ మాస్టారూ. కథలాగుంది. ఎవరికి పంపుతారండీ ఇది?”

“కరెంటు ధర నిర్ణయించే పెద్దలకు.”

“ఆళ్ళు తగ్గిస్తే నాకూ తగ్గుద్దాండీ?”

“తగ్గదా మరి! నీ కోసమే కదా ఇదంతా.”

ఆమె నా వంక చూసింది, గోడ వంక చూసింది, గంప ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. పాపం, నమ్మకం కలగలేదు. ఇన్నేళ్ళ అన్యాయం మనిషిలో నమ్మకాన్ని చంపేస్తుంది.

ఈ మధ్య ఒక ఫ్రీజరు ఆపేసింది. మిగిలిన సరుకు సాయంత్రానికి తెగనమ్ముకుంటోంది. ఆదివారం నాకు గిన్నెతో తెచ్చిచ్చే పులుసు రెండు వారాలుగా లేదు. వేసవిలో డాబా మీద బిగించిన సోలార్ పలకలు చూశావు కదా, ఉప్పుగాలికి వాటి మీద పొర పేరుకుంటుంది. నాకు నిచ్చెన ఎక్కే మోకాళ్ళు లేవని వారానికోసారి ఆమే ఎక్కి తడిగుడ్డ పెట్టి తుడిచేది. అదీ మానేసింది. ఇవన్నీ కూడా మూడో పేజీలో చేర్చాను. కంపెనీ వాళ్ళ దెబ్బ ఎంత దూరం తగులుతుందో చూడనీ.

శోభనాద్రి

*

గుడివాడ,
27 నవంబరు 2025

బావగారికి నమస్కారాలు.

మీరు చూసుకుంటారనుకున్నాను. చూసుకోలేదు కాబట్టి రాస్తున్నాను. చదివాక తిట్టండి, మధ్యలో ఆపొద్దు.

పోలమ్మ గారికి కరెంటు అమ్మేది కంపెనీ కాదు. కంపెనీ మీకు అమ్ముతుంది, ఆమెకు మీరు అమ్ముతున్నారు. ఆ పది రూపాయలు ఏ బిల్లులోనూ లేవు, మెట్ల కింద గోడ మీద ఉన్నాయి.

2022 వేసవిలో సర్దుబాటు ఛార్జీలు పడి, ఇల్లంతా ఒకే మీటరు కావడం వల్ల పై శ్లాబులోకి వెళ్ళినప్పుడు మీరు పది అన్నారు. ఆ నెలకు అది న్యాయమే. తర్వాత చలికాలం వచ్చింది, బిల్లు తగ్గింది, పది తగ్గలేదు. మొన్న ఏప్రిల్‌లో పలకలు వేయించారు. కాగితాలు నేనే పెట్టాను కాబట్టి నాకు తెలుసు, అప్పటి నుంచీ మీకు వచ్చే బిల్లు ఉందా లేదా అన్నట్టుంటోంది. పది తగ్గలేదు. ఆ పలకలు వారం వారం తుడిచింది ఎవరో మీరే రాశారు.

మీరు కావాలని చేశారని నేను అనుకోను. మీరు ఆ అంకె ఒకసారి వేసి మళ్ళీ చూడలేదు. కంపెనీలో మేం చేసిందీ అదే.

ఇంకొకటి. మా మహాలక్ష్మక్క ఉన్నన్నాళ్ళూ పోలమ్మ గారి రేటు తనే చూసేదని మీకు తెలుసో లేదో. బిల్లు వచ్చిన ప్రతిసారీ నాకు ఇన్‌లాండ్ కవరు రాసేది. పదిహేడో పద్దెనిమిదో నా దగ్గరున్నాయి. ఒకటి ఇలా ఉంది: “తమ్ముడూ, ఈసారి బిల్లు కాస్త తగ్గింది. పోలమ్మకు యూనిట్‌కు ఎంత తగ్గించమంటావో లెక్క కట్టి వెంటనే రాయి. ఒకటో తారీకు దాటితే దానికి బాకీ పడిపోతాను. మీ బావగారితో అనకు, ఆయన ఏదో పెద్ద అన్యాయం మీద రాసుకుంటున్నారు.”

నేను లెక్క కట్టి పంపేవాణ్ణి. అక్క పోయాక ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అందులో నా తప్పూ ఉంది.

విధేయుడు
గోవర్ధనరావు

*

మచిలీపట్నం,
3 డిసెంబరు 2025

గోవర్ధనరావు గారికి,

మీ ఉత్తరం ఇరవై తొమ్మిదో తారీకున అందింది. ఒకటో తారీకున పోలమ్మ ఇల్లు ఖాళీ చేసింది. రెండే రోజుల తేడా. ఇంత చక్కటి ఏర్పాటు కరెంటాఫీసు వాళ్ళకే సాధ్యం.

చిన్న వ్యాను తెచ్చుకుంది. ఫ్రీజర్లు రెండూ ఎక్కించింది. వాటా కడిగి, ముగ్గు పెట్టి, మెట్ల కిందికి వచ్చి “రీడింగు చూడండి మాస్టారూ” అంది. చూశాను. సుద్ద తీసుకుని అంకె వేశాను. గీత పెట్టింది. యూనిట్‌కు పది చొప్పున చేతిలో పెట్టింది.

“ఎందుకు వెళ్ళిపోతున్నావు?”

“దివిసీమలో మా తమ్ముడు అంకమ్మరావు ఇల్లు ఖాళీగా ఉందండీ, పాలకాయతిప్పలో. కాలనీ ఇల్లు. మీటరు దానికదే ఉంది.”

మీటరు దానికదే! ఈ మాట ఎవరు నేర్పారో నాకు తెలియదనుకోకు. తొమ్మిదేళ్ళు నోరెత్తని మనిషికి నీ ఉత్తరం వచ్చిన వారంలోనే సొంత మీటరు గుర్తొచ్చిందా? నా మీద కోపముంటే నాతో తీర్చుకోవాల్సింది. చనిపోయిన మనిషి ఉత్తరాలు తవ్వి తీసి, బతికున్న మనిషిని ఇంట్లోంచి పంపించేశావు.

ఇక రాయనక్కర్లేదు.

శోభనాద్రి

*

గుడివాడ,
8 డిసెంబరు 2025

బావగారికి,

రాయొద్దన్నారు. ఇదొక్కటీ రాసి మానేస్తాను.

పోలమ్మ గారి నంబరు నా దగ్గర లేదు. ఏప్రిల్ తర్వాత ఆమెను చూడలేదు.

ఆమెకు ఆ పేజీ చదివి వినిపించింది మీరు. ఆళ్ళు తగ్గిస్తే నాకూ తగ్గుద్దా అని ఆమె అడిగింది మిమ్మల్ని. తొమ్మిదేళ్ళుగా ఆ గోడ పక్కన నిలబడి గీతలు పెట్టిన మనిషికి ఆ గోడ మీద ఏముందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మోకాళ్ళు జాగ్రత్త. పలకలు తుడవడానికి మీరు నిచ్చెన ఎక్కొద్దు.

గోవర్ధనరావు

*

మచిలీపట్నం,
27 జనవరి 2026

గోవర్ధనానికి,

రాయొద్దన్నది నిన్ను. నేను రాయనని అనలేదు.

నీ చివరి ఉత్తరం వచ్చిన రోజు టార్చిలైటు తీసుకుని మెట్ల కిందికి వెళ్ళాను. నా సుద్ద అంకెలు నాకు తెలుసు. వాటి పైన, సాలెగూడు పక్కన, మీ అక్క పెన్సిలు అంకెలు ఇంకా ఉన్నాయి. రీడింగు, దాని పక్కన రేటు. ఆరున్నర. ఆరు. ఆరూ పావు. మళ్ళీ ఆరు. ఒక నెలకు రెండు రేట్లు రాసి మొదటిది కొట్టేసింది, నీ ఉత్తరం ఆలస్యమైందేమో. నేను రాసిన చోట రేటు వరసే లేదు. ఒకసారి పది అని రాసి దాని కింద మూడేళ్ళు ఏమీ రాయలేదు. వెలుతురు సరిపోక కళ్ళు నొప్పెట్టాయి, వచ్చి పడుకున్నాను.

విచారణ మొన్న గురువారం జరిగింది. మనిషికి మూడు నిమిషాలు. నాకన్నా ముందు మొవ్వ నుంచి వచ్చిన రైతు ఒకాయన పంపుసెట్టు గురించి మొదలుపెట్టి అల్లుడి గురించి ముగించాడు. నా వంతు వచ్చింది. మూడో పేజీ తియ్యలేదు. అందులో ఒక్క ముక్క మార్చాను, కంపెనీ అన్న చోట సరఫరా చేసేవాడు అని. సరఫరా చేసేవాడు కొన్న ధర తగ్గినా అమ్మే ధర తగ్గించలేదని చదివాను, పలకలు ఆ వాడకందారే తుడిచిందని చదివాను, ఆమె ఇల్లు ఖాళీ చేసిందని చదివాను.

తెర మీద మండలి పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, “ఆ సరఫరాదారు ఎవరండీ? పేరు రాయలేదు?” అన్నాడు.

“నేనేనండీ” అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. “మీ మీద మేం చర్య తీసుకోలేం మాస్టారూ. మీకు లైసెన్సు లేదు.”

“లైసెన్సు లేకుండానే ఇంత తిన్నానండీ. ఉంటే ఎంత తినేవాణ్ణో మీరు ఆలోచించండి. కొన్న ధర తగ్గిన సంగతి నా గోడ మీద ఎక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది. అదీ ఒకడు గుడివాడ నుంచి తిడితే. కంపెనీకి ఎన్నాళ్ళు పడుతుందో, వాళ్ళను ఎవరు తిడతారో చెప్పమనండి.”

గంట కొట్టారు. కంపెనీ అధికారి రాతపూర్వకంగా జవాబిస్తామన్నాడు. ఇస్తాడు. ఇచ్చింది నీకు పంపుతాను, పెన్సిలు పట్టుకుని కూర్చో. వాళ్ళను వదిలేశాననుకోకు. నా తప్పు వల్ల వాళ్ళ తప్పు తగ్గదు.

ఆదివారం దివిసీమ వెళ్ళాను. చల్లపల్లి దాటినా నిలబడే ఉండి, పులిగడ్డ అక్విడక్టు వంతెన దాటాక సీటు దొరికి, కోడూరులో దిగి ఆటో ఎక్కాను. నా వయసుకు ఎవరూ లేచి సీటివ్వలేదు. దీని మీద వేరే ఉత్తరం రాస్తాను.

పోలమ్మ రేవు దగ్గరే ఉంది, పడవల పక్కన గోనె పరుచుకుని. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. “బస్సులో వచ్చారాండీ? మోకాళ్ళెట్లా ఉన్నయ్యి?” అని తమ్ముడి చేత కుర్చీ తెప్పించింది.

ఏప్రిల్ నుంచి ఆమె ఎక్కువ కట్టినదంతా గోడ చూసి లెక్క వేసి కవరులో పెట్టుకెళ్ళాను. ఆమె వద్దంటుందని, నేను బలవంతం చెయ్యాలని, అందుకు రెండు మంచి వాక్యాలు బస్సులో తయారు చేసుకున్నాను. వాటి అవసరం రాలేదు. కవరు తీసుకుని లెక్కపెట్టింది. అంకమ్మరావును పిలిచి అతని చేత కూడా లెక్కపెట్టించింది.

“గోడ మీద చూసే వేశారాండీ?”

“గోడ మీదే.”

“అయితే సరిగ్గానే ఉంటదిలెండి” అని నడుముకు దోపుకుంది. అంతే. పోయిన వేసవికి ముందు మూడేళ్ళు ఎక్కువ కట్టిన సంగతి నేనే ఎత్తాను. “అది అమ్మగారుంటే అప్పుడే అయిపోయేదండీ” అంది.

వెనక్కి రమ్మని అడిగాను. “ఇక్కడ నా మీటరు నాకుందండీ” అంది, కోపం లేకుండా. నేను తల ఊపాను.

ఉత్త చేతుల్తో లేవడం బాగుండదని ఒక కిలో చందువాలు ఇమ్మన్నాను. తూకం వేసి ఆకుల్లో చుట్టింది. ఇక్కడ బందరులో ఆమె చెప్పిన ధర గుర్తుంది కాబట్టి ఏడువందల యాభై తీసిచ్చాను. నూట యాభై వెనక్కి ఇచ్చింది.

“ఇదేమిటి? ఊరికే ఇస్తున్నావా?”

“ఊరికే ఎందుకిస్తానండీ. పొద్దున్న పడవలన్నీ నిండుగా వచ్చినయ్యి, రేవులో రేటు పడిపోయింది. నాకు పడితే మీకూ పడాల గదండీ” అని, ఇంకొకామె బేరానికి వస్తే అటు తిరిగింది.

చేపలు నేనే వండుకున్నాను. ఉప్పు ఎక్కువైంది.

కిందివాటా చూసుకోవడానికి నిన్న ఒక కుర్రజంట వచ్చారు. అతను పోర్టు పనుల్లో సూపర్‌వైజరట. అద్దె చెప్పాను. కరెంటు యూనిట్‌కు ఎంతండీ అని ఆ పిల్ల అడిగింది. గుడివాడలో అడిగి చెబుతానన్నాను. ఈ నెల బిల్లు దీనితో జత చేశాను. ఎంత చెప్పాలో లెక్క కట్టి వెంటనే రాయి. ఒకటో తారీకున వస్తామన్నారు.

వచ్చే నెలా పంపుతాను.

నీ బావ,
శోభనాద్రి